గుండెకు బీమా అనుకున్న గోలి

మంగళవారం పొద్దున ఆరుంబావుకు మా మేనమామ చనిపోయారు. కడుపులోని పుండు నుంచి రక్తం కారడం ఆగలేదు. ఏనాడూ గుండెజబ్బు లేని మనిషి, గుండెపోటు రాకూడదని నాలుగేళ్లుగా రోజూ ఆస్పిరిన్ వేసుకున్నారు. ఏ డాక్టరూ రాసివ్వలేదు.

లాడ్ బజార్‌లో ఆయనది గాజుల దుకాణం. రెండు గాజులు చెవి దగ్గర తాకించి, చప్పుడులో తేడా వస్తే పక్కన పడేసేవారు. “పగులు కంటికి కనవడదు అల్లుడా, చెవికి దొరుకుతది” అనేవారు. ఎవరు ఏం చెప్పినా ఒకసారి తట్టి చూడాలని నాకు ఆయన దగ్గరే తెలిసింది.

పక్క దుకాణదారు కూర్చున్నచోటే గుండె ఆగి పోయాక ఈ గోలి మొదలైంది. పొద్దున చాయ్ రాగానే మామ జేబులోంచి ఆస్పిరిన్ గోలీల పట్టీ తీసి, చుట్టుపక్కల దుకాణాల నలుగురికీ తలా ఒకటి పంచేవారు.

“తీస్కో భాయ్, గుండెకు బీమా.”

“గాజులకు గ్యారంటీ ఇయ్యవు గని, గోలికిస్తున్నవా?” అనేవారు ఎదురు దుకాణం భాయ్. అంటూనే మింగేవారు.

మందుల షాపు మీద నాకు కోపం. కడుపులో మంట ఉందా, మోకాళ్ల నొప్పికి వేరే గోలీలు వాడుతున్నారా అని ఒక్కసారీ అడగలేదు. రెండూ ఉన్నాయి. మామ మీదా కోపమే. మలం నల్లగా పోతోందని పది రోజులు ఎవరికీ చెప్పలేదు. చల్లటి పాలు తాగి దుకాణం తెరిచారు.

అందరికన్నా నా మీద ఎక్కువ. ‘రోజుకో ఆస్పిరిన్, గుండెకు రక్ష’ అని చాలా ఏళ్ల కిందట మా పేపర్లో రాసింది నేనే. ఆ కత్తిరింపు గల్లా పక్కన అద్దం కింద ఉంది. తర్వాత వైద్యుల సలహా మారింది. గుండెజబ్బు లేనివారు, ముఖ్యంగా అరవై దాటినవారు, ముందుజాగ్రత్తకని సొంతంగా మొదలుపెట్టొద్దు, మేలు కన్నా రక్తస్రావం ముప్పే ఎక్కువ కావచ్చు అన్నారు. నేను చదివాను. రాయలేదు. ప్రతి గాజునూ తట్టి చూసిన మనిషి నా వార్తను తట్టి చూడలేదు, అల్లుడు రాశాడు కాబట్టి.

నిన్న వెళ్లి నలుగురికీ ఈ సంగతి చెప్పాను. భాయ్ ముఖం మాడింది. స్టెంటు వేశాక ఆయనకు అదే గోలి డాక్టరే రాశారు.

“గట్లయితే రేపు పొద్దున నేను ఎయ్యాల్నా, వద్దా? నువ్వు చెప్పు, పేపరోనివి గదా.”

నేను ఆయన డాక్టరుకే ఫోన్ కలిపి చేతికిచ్చాను. స్టెంటు ఉన్నవారు సొంతంగా ఆపితే ప్రాణానికే ముప్పని, ఆపొద్దని డాక్టరు చెప్పారు. మిగతా ముగ్గురికీ ఆ గోలి అవసరమో కాదో చూస్తాను, తీసుకురమ్మన్నారు. శనివారం, పదకొండు గంటలకు.