హీత్ ఆడని ఫైనల్

మా వరాకిన్ జట్టులో హీత్ ఆడ్జర్స్ అంత మంచివాడూ లేడు, అంత మొండివాడూ లేడు. వెనక వరుస మధ్యలో అతను నిలబడితే అవతలి వాళ్లు అటువైపు రావడానికే జంకేవారు. అందుకని అతనికి 'గేటు' అని పేరు పడింది. మైదానం పక్కన మా క్లబ్బు క్యాంటీన్‌లో పిండి డొప్పల్లో మాంసం కూరి కాల్చిన పైలు వేడి చేసి అమ్మేది నేనే కాబట్టి, ఆ గేటు ఎంతమందిని పడగొట్టిందో కిటికీలోంచి ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను.

హీత్ పని గొర్రెల ఉన్ని కత్తిరించడం. పదహారో ఏట మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుం వంచి, కాళ్ల మధ్య గొర్రెను ఇరికించుకుని మిషను ఆడించాలి. శుక్రవారం వచ్చేసరికి నడుం నిటారుగా నిలవదు. శనివారం మధ్యాహ్నం బూట్లు కట్టుకోగానే మాత్రం ఎక్కడలేని ఓపికా వచ్చేసేది. ముప్ఫై అయిదేళ్లు నిండాయి, మోకాళ్లు అరిగాయి. చిన్నప్పటి నుంచీ ఒకటే జట్టు, ఒకటే రంగు చొక్కా. కానీ ఒక్కసారి కూడా ఫైనల్ ఆడలేదు. మా జట్టు ఎప్పుడూ ఒక మెట్టు కిందే చతికిలబడేది. ఈ ఏడాదితో ఆట మానేస్తాననీ, ఒక్క ఫైనల్ ఆడేస్తే ఆ తర్వాత గొర్రెలతోనే కాలక్షేపం చేస్తాననీ నాతో చెప్పాడు.

మా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టొచ్చు, బంతి ఉన్నవాణ్ని ఒడిసిపట్టి పడెయ్యొచ్చు. అయితే మా పల్లెల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఒకడు ఇంకొకణ్ని అడ్డగోలుగా గుద్దితే అంపైర్ పేరు రాసుకుంటాడు. మంగళవారం సాయంత్రం లీగ్ వాళ్లు విచారణ చేసి, తప్పు తేలితే కొన్ని మ్యాచ్‌లు ఆడనివ్వరు. దెబ్బతిన్నవాడు అక్కడికి వచ్చి, అతని తప్పేం లేదు, నేనే వెళ్లి తగిలాను అని చెప్పాలి. చెప్పకపోతే వాడు మగాడు కాదు, చాడీకోరు. చెబితే కొట్టినవాడి క్లబ్బు నుంచి ఒక పెట్టె బీరు ఇంటికి చేరుతుంది. మగవాళ్లు దీన్ని మర్యాద అంటారు. నేను దీనికి పెట్టిన పేరు వేరే ఉంది, కానీ పైలు అమ్ముకునేదాన్ని నన్నెవరడిగారు? హీత్ కూడా ఒకసారి ఈ మర్యాద పాటించాడు. దవడ విరిగి, పళ్లు తీగతో బిగించి ఉండగా వెళ్లి, పళ్ల సందుల్లోంచే తప్పంతా తనదేనని చెప్పొచ్చాడు. తర్వాత వచ్చిన బీరు కూడా స్ట్రాతోనే తాగాడు.

ఈ ఏడాది సెమీఫైనల్ బీలార్ జట్టుతో పడింది. చివరి భాగంలో, సరిగ్గా నా కిటికీ ముందు, బీలార్ ఆటగాడు రీస్ కాల్డర్ బంతి అందుకుని, తన్నేసి, ఇటు తిరిగాడు. ఎదురుగా హీత్ దూసుకొస్తున్నాడు. చేతులతో పట్టి ఆపొచ్చు, పక్కకు తప్పుకోవచ్చు. హీత్ భుజం పెట్టాడు. ఆ భుజం రీస్ చెవి పక్కన తగిలింది. మనిషి నిలువునా కూలిపోయాడు, తల నేలకు కొట్టుకుంది. కళ్లు తెరిచాక ఎవరితో ఆడుతున్నావని అడిగితే ఎప్పుడో బళ్లో ఆడిన జట్టు పేరు చెప్పాడట. అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. అంపైర్ బంతి వెంట చూస్తుండడంతో గుద్దింది సగమే చూశాడు, పేరైతే రాసుకున్నాడు. మేం గెలిచాం. హీత్‌కు ఫైనల్ దొరికింది.

ఆదివారం నేను క్యాంటీన్ కడుగుతుంటే హీత్ వచ్చి, మైదానం చుట్టూ పడున్న ఖాళీ సీసాలు ఏరడం మొదలుపెట్టాడు. కాసేపటికి కిటికీ దగ్గర ఆగాడు.

"నువ్వు చూశావుగా గ్లెనిస్?"

"చూశా."

"అప్పటికే బంతి తన్నేశాడా?"

"తన్నేశాడు."

మళ్లీ వెళ్లి సీసాలు ఏరుకున్నాడు. 

మంగళవారం నాడు మా ఆయన ట్రెవర్ హీత్‌ను విచారణకు తీసుకెళ్లాడు. ట్రెవర్ మా క్లబ్బు కార్యదర్శి. నేనూ కారెక్కాను. అంతా మాట్లాడేశానని దారిలో ట్రెవర్ చెప్పాడు. బీలార్ కార్యదర్శి ఫోన్ చేశాడట, రీస్ తనే జారి పడ్డానని చెబుతాడట, మా క్లబ్బు నుంచి బీరు కూడా వెళ్లిపోయిందట. తలకు దెబ్బ తగిలినవాడికి బీరు పంపిన ఘనులెవరని అడిగాను. ట్రెవర్ రేడియో గట్టిగా పెట్టాడు.

విచారణ జరిగింది లైబ్రరీ వెనక గదిలో. బల్ల వెనక ముగ్గురు పెద్దవాళ్లు, ముగ్గురూ ఒకప్పటి ఆటగాళ్లే. ఏ ఒక్కరి ముక్కూ తిన్నగా లేదు. రీస్ గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. వెలుతురు భరించలేక, ఇంటి లోపల కూడా నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఏం జరిగిందని అడిగితే పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. నేల తడిగా ఉందట, తన కాలు జారిందట, వెళ్లి హీత్ భుజం మీద పడ్డాడట.

వాన చుక్క పడి నెల దాటింది. ఆ రోజు మైదానంలో లేచిన దుమ్ముకి నా పైల పెట్టె అద్దం రెండుసార్లు తుడిచాను. ఆ సంగతి బల్ల వెనక వాళ్లకూ తెలుసు. ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నాడు, ఇంకొకాయన పైకప్పు చూశాడు. ఏ వైపు పరుగెత్తుతున్నావని మూడో ఆయన మాటవరసకు అడిగాడు. రీస్ వాళ్ల కార్యదర్శి వైపు చూశాడు, తర్వాత మా వైపు చూశాడు, గుర్తులేదని చెప్పి నవ్వాడు. 

ఏమైనా చెప్పుకుంటావా అని హీత్‌ను అడిగారు. లేదంటే అయిపోయేది. ట్రెవర్ అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. హీత్ లేచి నిలబడ్డాడు.

"నేల పొడిగా ఉందండీ."

"ఏంటీ?"

"అతను జారలేదు. బంతి తన్నేశాక నేనెళ్లి గుద్దా. ఆగడానికి టైముంది, పట్టుకోడానికి చేతులున్నాయి. అయినా భుజమే పెట్టా. అది తలకి తగిలింది."

మధ్యలో కూర్చున్నాయన ముందుకు వంగాడు. "శనివారం ఏముందో తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసండీ. దానికోసమే పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా."

నాలుగు మ్యాచ్‌లు ఆడకూడదన్నారు. రీస్ నల్లద్దాలు తీసి హీత్ వైపు కోపంగా చూశాడు, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.  తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో ట్రెవర్ ఉండబట్టలేకపోయాడు.

"వాడే జారానంటుంటే మధ్యలో నీకేం నొప్పిరా?"

"వాడికేం గుర్తులేదు ట్రెవర్," అన్నాడు హీత్. "గుర్తున్నది నాకు. నేను కూడా లేదనేస్తే ఎట్లా?"

మా ఆయన మళ్లీ రేడియో వైపు చెయ్యి చాచాడు. ఈసారి నేను ఆ చెయ్యి మీద ఒకటి వేశాను.

ఊరు ఊరంతా హీత్‌కు మొహం చాటేసింది. కోచ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. బేకరీ మాల్కం రొట్టె బల్ల మీద పడేసి లోపలికి పోయాడు. హీత్ బండి మీది దుమ్ములో ఎవరో వేలితో బూతులు రాశారు. తుడుచుకోరాదా అంటే, రోజంతా గొర్రెల దగ్గరే కదా ఆగేది, వాటికి చదువు రాదు అన్నాడు. నవ్వాడు గానీ, ఆ వారంలో మనిషి సగమయ్యాడు.

ఫైనల్ పక్క ఊరి మైదానంలో జరిగింది. హీత్ రాడనుకున్నాను. వచ్చాడు. జట్టు దగ్గరికి వెళ్లకుండా ఒక చివర కంచె పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. ఆ రోజు క్యాంటీన్ మాది కాదు గనక నేను రెండు పైలు కొనుక్కుని అతని పక్కన చేరాను. మా కుర్రాళ్లు బంతి వదిలేసినప్పుడల్లా హీత్ కాళ్లు వాటంతటవే కదిలేవి. చూడలేక నేను చేతిలోని మాంసం పై తింటూ తల దించుకున్నాను.

సగం ఆట అయ్యాక రీస్ వచ్చాడు. నల్లద్దాలు, టోపీ, ఎదమీద గుడ్డసంచిలో నిద్రపోతున్న పసిపాప.

"తిట్టడానికొస్తే తిట్టు," అన్నాడు హీత్.

"తిట్టడానికే బయల్దేరా. అందరిముందూ నన్ను అబద్ధాలకోరుని చేశావు."

తర్వాత గొంతు తగ్గించి మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ శనివారం తనకు అసలు గుర్తే లేదట. ఆసుపత్రిలో కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ కోచ్, కార్యదర్శి, సొంత తండ్రి అందరూ ఒకటే మాట, జారావు, జారానని చెప్పు అని.

"చెప్పీ చెప్పీ నిజంగానే జారాననుకున్నా," అన్నాడు రీస్. "పొడినేల మీద ఊరికే జారిపోయే మనిషినైపోయానేమో అని భయమేసింది. ఇంట్లో మూడు మెట్లున్నాయి. పాపని ఎత్తుకుని అవి దిగలేకపోయా. నువ్వు అక్కడ ఆ మాట చెప్పాక ఇంటికెళ్లి ఎత్తుకున్నా."

 హీత్ చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"నీ కాళ్లకేం కాలేదురా. ఆ రోజు మా అందరికంటే బాగా ఆడింది నువ్వే. తప్పు నాది. నన్ను క్షమించు."

రీస్ ఏదో అనబోయాడు. అంతలో మా వాళ్లు గోల్ కొట్టారు. మైదానం చుట్టూ కంచెకు ఆనించి కార్లు నిలుపుకోవడం, గోల్ పడగానే హారన్లు మోగించడం మాకు అలవాటు. మా వైపు కార్లన్నీ ఒక్కసారిగా మోగాయి. రీస్ పాప చెవులు రెండు చేతులతో మూసి, తను మాత్రం ఆ మోతకు ముడుచుకుపోయాడు. మొహంలో నెత్తురు లేదు. ఆట చూడాలని ఉంది గానీ ఉండలేనన్నాడు.

"ఒక్క నిమిషం ఆగు," అని హీత్ మొదటి కారు దగ్గరికి వెళ్లాడు. అది మాల్కంది. కిటికీలోకి వంగి ఏదో చెప్పాడు, రీస్ వైపు చూపించాడు. మాల్కం అద్దం పైకెత్తేశాడు. హీత్ రెండో కారు దగ్గరికి వెళ్లాడు, తర్వాత మూడో దాని దగ్గరికి. ఫైనల్ రోజు హారన్ కొట్టొద్దనడం పెళ్లింట్లో బాజా ఆపమన్నట్టే. అదీ ఆ ఫైనల్ వదిలేసుకున్నవాడు వచ్చి అడగడం! అయినా వరస చివరిదాకా వెళ్లి, ప్రతి కిటికీ దగ్గరా వంగి అడిగి వచ్చాడు. ఒప్పుకున్నారా అంటే భుజాలెగరేశాడు.

ఆఖరి నిమిషాల్లో మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం, గోల్ ఒక్కటి పడితే ఆరు. మా కుర్రాడొకడు చాలా దూరం నుంచి తన్నాడు. బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లింది. ఫైనల్ మాదైపోయింది. రీస్ పాప మీదికి వంగాడు. నేనూ అలవాటుకొద్దీ చెవులు మూసుకున్నాను.

అరుపులైతే వినపడ్డాయి, అరవకుండా ఎవరుండగలరు? కానీ హారన్ ఒక్కటీ మోగలేదు. వరస పొడవునా కిటికీల్లోంచి చేతులు బయటికొచ్చి టోపీలు, కండువాలు ఊపుతున్నాయి. మాల్కం తన కారు వెనక భాగం మీదికెక్కి, నోరు గట్టిగా బిగించుకుని, రెండు పిడికిళ్లూ గాల్లో ఆడిస్తున్నాడు. హీత్ కంచె మీద తల ఆనించి బాహాటంగా ఏడ్చేశాడు. రీస్ ఒక చెయ్యి అతని వీపు మీద వేశాడు.

పాప మాత్రం నిద్ర లేవలేదు.