రేకుల షెడ్డులో అమలమ్మ పాట

భవానీపురంలో మైకుసెట్ కృపానందం అంటే ఎవరో తెలియనివాళ్లు ఇప్పుడు బోలెడుమంది ఉన్నారు. అది వాళ్ల ఖర్మ. ఒకప్పుడు పెళ్లయినా, క్రిస్మస్ అయినా, బెజవాడ నుంచి కొండపల్లి దాకా ఆయన బాక్సులే మోగాలి. ఎక్కడ సెట్ కట్టినా ముందుగా ఒకే పాట వేసి చూసుకునేవాడు. ఆయన భార్య అమలమ్మ పెళ్లికాక ముందు చర్చిలో పాడుతుంటే తానే క్యాసెట్లో పట్టిన పాట అది. రెండో చరణం ముందు ఆమె పుస్తకంలో పేజీ తిప్పుతుంది, చేతి గాజులు గలగలమంటాయి. ఆ గాజులు చివరి వరసలో వినపడ్డాయా, సెట్ కుదిరినట్టే.

"ఊళ్లో అందరి పెళ్లిళ్లలోనూ నా గొంతేనా? సిగ్గుతో చస్తన్నా," అని అమలమ్మ ఏళ్ల తరబడి సణిగింది. ఆయన వింటేగా!

డెబ్బై దాటాక కృపానందం చెవులు మొండికేశాయి. చెవిమిషను పెట్టుకుంటే మాటలు బాగానే తెలుస్తున్నాయి, పాట మాత్రం రేకు మీద మేకుతో గీసినట్టు వస్తోంది. కొడుకు జాన్సన్, పాపం, కొత్తగా పెద్ద బాక్సు కొనుక్కొచ్చి సౌండు పెంచాడు. పెంచేకొద్దీ గోల పెరిగింది, పక్కింటివాళ్లు తలుపు కొట్టారు, పాట మాత్రం రాలేదు. జన్మంతా పాటతో బతికిన మనిషికి అంతకన్నా నరకం ఏముంటుంది చెప్పండి!

"చాల్లేరా. సెట్టూ క్యాసెట్లూ ఎవరికన్నా ఇచ్చెయ్. నాకిక పాట లేదు," అన్నాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు జాన్సన్ సెట్టు మూటగడుతుంటే అమలమ్మకి ఒళ్లు మండింది.

"ఏవండీ, కొండపల్లిలో ఆ రేకుల షెడ్డు పెళ్లికి పాట ఇట్టాగే గోలగోలైతే, సెట్టు ఎవరికన్నా ఇచ్చేసి వచ్చారా?"

"ఎందుకిస్తానే? సౌండు తగ్గించి, బాక్సులు జనం దగ్గరికి జరిపి, గోడలకి దుప్పట్లు కట్టించా."

"మరి ఇప్పుడేం వచ్చింది మీకు?"

కృపానందం చెయ్యి చెవిమిషను మీదికి పోయింది. ఓరి దేవుడా! తన చెవి రేకుల షెడ్డయింది, అంతేగా! ఎన్ని చెడ్డ హాళ్లను దారికి తెచ్చాడు, ఇదొక లెక్కా?

ఆటో ఎక్కి, చెవిమిషను ఇచ్చిన పటమట క్లినిక్కి వెళ్లాడు.

"అమ్మాయ్, దీన్ని దేనికి సెట్ చేశావు?" అని అక్కడ మిషన్లు సరిచేసే సాయిశ్రీని అడిగాడు.

"మాటలకండీ తాతగారూ. మిగతా శబ్దాలు గోలనుకుని అది తొక్కేస్తుంది. పాటలకి వేరే సెట్టింగు ఉందండీ, మీరు పాటలు వింటానని చెప్పలేదుగా!"

"నిజమే, నా బుద్ధి గడ్డి తింది. పెట్టు తల్లీ."

ఇంటికి రాగానే ఫ్యాను ఆపించాడు. కిటికీలకి దుప్పట్లు కట్టించాడు. కొత్త బాక్సు పక్కకి నెట్టి, పాతదాన్ని కుర్చీ దగ్గరికి లాక్కుని, సౌండు బాగా తగ్గించాడు. బేస్ కాస్త, ట్రెబుల్ కాస్త తిప్పుతూ, వింటూ, విసుక్కుంటూ, సాయంత్రం దాకా ఆ ఒక్క క్యాసెట్టే వేశాడు.

అప్పుడొచ్చింది పాట! పడుచు అమలమ్మ గొంతు పల్లవి ఎత్తుకుంది. కృపానందం కళ్లనీళ్లు తుడుచుకుంటూనే తొడ మీద తాళం వేశాడు. రెండో చరణం ముందు చెయ్యెత్తి, ఆగి, తల పంకించాడు.

"గాజులు వినపడ్డాయా?" అంది అమలమ్మ.

"అవి రావులేవే. ఎక్కడ మోగాలో నాకు తెలుసుగా, నేనే మోగించుకున్నా. సెట్ కుదిరింది!"

అమలమ్మ ఈసారి సణగలేదు. క్యాసెట్ వెనక్కి తిప్పి, ఆయన పక్కన కుర్చీ వేసుకుంది. సరిగ్గా రెండో చరణం ముందు ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి గాజులు గలగలలాడించింది.

"ఇప్పుడో?"

"చివరి వరస దాకా వినపడ్డాయే!" అని అరిచాడు కృపానందం.