బ్లాకు సూదిని నమ్మని మేస్త్రీ

సంఘంలోని సహోదరులారా, సారాను విడిచి సారమ్మను, అంటే నా భార్యను, గట్టిగా పట్టుకుని ఆరేళ్లు బుద్ధిగా బతికిన నేను గుడియాత్తంలో ఒక మేడకు పూత పూస్తూ పరంజా మీదనుంచి పడ్డాను. తుంటరితనం ఎప్పుడో విరిగింది, ఆ రోజు తుంటి విరిగింది! వేలూరు ఆసుపత్రిలో ఆపరేషనుకు రెండు రోజులు ఆగాలన్నారు, నొప్పికి మత్తు సూది వేశారు. నొప్పి తగ్గింది గాని లోపల పాత సారా అంగడి తలుపు తెరుచుకుంది! మూడో సూదికల్లా నొప్పి రాకముందే అరవసాగాను, నా అరుపు మీద నాకే అనుమానం కలిగింది.

సారమ్మ ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పేసింది.

"అట్లయితే తొడ నరానికి బ్లాకు ఇస్తాం మేస్త్రీ, తల తేటగా ఉంటాది" అంది ఆమె.

బ్లాకు! సిమెంటు కంట్రోలు రోజుల్లో దొంగచాటుగా బస్తాలు కొన్న బ్లాకు తప్ప నాకు వేరే బ్లాకు తెలియదు.

"బ్లాకు సరుకు నాకొద్దమ్మా, రసీదు ఉండేదే వెయ్యి."

ఆమె నవ్వింది. "బ్లాకంటే అడ్డు నాయనా. నొప్పి తలకెక్కకుండా దోవలో అడ్డం కట్టేది."

"కాలు అట్లే మొద్దుబారిపోతే?"

"కొన్ని గంటల్లో వదులుతాది."

"అంతా నాకు మేలే అయితే నీకేం లాభం?"

సారమ్మకు కోపమొచ్చింది. "ఏమప్పా, ఈ అనుమానం పరంజా ముడుల మీద పెట్టింటే పడేవాడివే కాదు గదా! మళ్లా ఆ రుచి మరుగుతావేమోనని నాకు బయంగా ఉండాది."

ఆ మాటకు సరేనని తల ఊపాను. "ప్రభువా, నరుణ్ణి నమ్మని నేను నరాన్ని అప్పగిస్తున్నాను, కాపాడు" అని ప్రార్థించాను, ఒక కన్ను సూది మీదే ఉంచి!

బ్లాకు వేసిన అరగంటకు దుప్పటి మార్చడానికి నన్ను కదిలించారు, నేను అరవలేదు సహోదరులారా! కాసేపటికి నర్సమ్మ మత్తు సూదితో వచ్చి, కావాలా అని అడిగింది. నొప్పి లేదు, ఆశ మాత్రం ఉంది. సారమ్మ నా మొహమే చూస్తోంది.

"వద్దమ్మా" అన్నాను. అది నా గొంతేనా అని మళ్లీ అనుమానం!

ఆపరేషను జరిగింది, ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. ఆ మత్తు సూది ఎందరికో మేలు చేసేదే, బలహీనత నాది. ఆ డాక్టరమ్మ చేతిని వాడుకున్న దేవునికే మహిమ! నాలాంటి అనుమానస్తులారా, నమ్మకం నిండాక వద్దామని ఆగకండి, అనుమానంతోనే రండి. నన్ను ఆయన అట్లాగే చేర్చుకున్నాడు.