సోమవారం వంతు నాది

మా అపార్టుమెంటులో ఇచ్చిన గిన్నె తిరిగి రాదు. ఇది ఫిర్యాదు కాదు, ఈ ఏడాదిలో నాలుగు స్టీలు గిన్నెలు, మూతతో సహా ఒక డబ్బా పోగొట్టుకున్న మనిషి సమర్పించుకుంటున్న నివేదిక మాత్రమే. అరుదుగా ఒకటి తిరిగి వచ్చినా, కడిగి తుడిచి, అద్దంలా మెరుస్తూ ఖాళీగా వస్తుంది. ఖాళీ గిన్నె పంపడం మన ఇళ్లలో ఎంత తప్పో మన తరం వారికి నేను చెప్పనక్కర్లేదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరో, నాలుగు పచ్చిమిరపకాయలో, చివరికి ఒక కరివేపాకు రెబ్బయినా వేసి పంపేవారు. మొన్న ఆదివారం హన్మకొండ సుబేదారిలో ఉన్న మా అక్క దగ్గర ఈ గోడు వెళ్లబోసుకుంటూ కూర్చున్నాను. గిన్నెల దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడో తిరిగి, నలభై ఏళ్లుగా నేను ఎవరికీ చెప్పని ఒక నోటుబుక్కు దగ్గర ఆగింది.

ఎనభైల మొదట్లో నేను డిగ్రీ పూర్తి చేసి, హన్మకొండలో అక్కాబావల ఇంట్లో ఉంటూ, పగలు ఎనుమాముల మార్కెట్లో బావకు తెలిసిన మిర్చి దుకాణంలో ఉత్తరాలు రాసిపెడుతూ, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని అందరినీ, అప్పుడప్పుడు నన్నూ నమ్మిస్తుండేవాణ్ణి. ఇంగ్లీషుకూ నాకూ ముఖపరిచయం ఉండేది గానీ మాటలు ఉండేవి కావు. మా వీధి చివర రిటైరైన ఇంగ్లీషు సారు ఒకరు ప్రతి ఆదివారం పొద్దున తన వరండాలో ఐదుగురికి పాఠం చెప్పేవారు. అచ్చు పుస్తకాలంటే ఆయనకు గిట్టదు. చేత్తో రాసుకున్నదే చేతిలో మిగులుతుందని ఆయన నమ్మకం. అందుకని ఒక పొడుగాటి నోటుబుక్కులో, ఏ రెండు మాటల మధ్య మనవాళ్లు తడబడతారో ఆ రెండూ పక్కపక్కన రాసి, కింద ఒక నుడికారం చేర్చి, ఆ ఒక్క పుస్తకాన్నే ఇల్లిల్లూ తిప్పేవారు. బారో అంటే తెచ్చుకోవడమా ఇవ్వడమా, లెండ్ అంటే ఇవ్వడమా తెచ్చుకోవడమా అని నేను ఒక వారమంతా గుంజాటన పడ్డాను. ఇంగ్లీషువాళ్ల దేశంలో పిల్లులూ కుక్కలూ వానగా కురుస్తాయని చదివి పోస్టాఫీసులో పనిచేసే అన్న ఒకాయన అక్కడి రైతుల మీద నిజంగానే జాలిపడ్డాడు.

పుస్తకానికి వంతు ఉండేది. సోమవారం నాది. మంగళవారం మిషన్ దవాఖానలో పనిచేసే కాంపౌండరు గారి రెండో అమ్మాయిది. బుధవారం పోస్టాఫీసు అన్నది. ఆ తర్వాత ఇద్దరు టీచరమ్మలు, శనివారానికి మళ్లీ సారు. వంతు వచ్చినవాళ్లు పేజీ ఎత్తిరాసుకుని, ఆ మాటలతో సొంతంగా ఒక వాక్యం కింద రాసి మరీ పంపాలి. మొదటి వారం నేను ఏమీ రాయకుండా పంపితే సారు అందరి ముందూ అడిగారు.

“ఖాళీ గిన్నె పంపుతరా మీ ఇండ్లల్ల? పుస్తకం సుత అంతే.”

అప్పటి నుంచి నేను ఖాళీగా పంపలేదు. మంగళవారం పొద్దున సైకిలు మీద పోయి, కాంపౌండరు గారి గేటు దగ్గర వాళ్ల అమ్మగారికో, అదృష్టం బాగుంటే ఆమెకో ఇచ్చి వచ్చేవాణ్ణి. అదృష్టం నెలకు రెండుసార్లు బాగుండేది. నా చేతికీ చొక్కాకూ మిర్చి ఘాటు ఎప్పుడూ ఉండేది కనుక పుస్తకానికీ అంటేది. ఒకసారి ఆమె వాక్యం ఇలా ఉంది, తెలుగులో చెబితే: ‘ఎవరి దయవల్లనో మా ఇల్లంతా మంగళవారాలు తుమ్ముతుంది.’ ఆ మాట చదివి నేను దుకాణంలో రెండు ఉత్తరాలు తప్పు చిరునామాలకు పంపాను.

తర్వాత హోప్, విష్ అనే మాటలు వచ్చాయి. రెండూ కోరుకోవడమే కానీ మొదటిది జరగవచ్చు, రెండోది జరగదని తెలిసినా మనసు ఊరుకోదు అని సారు చెప్పారు. ఆదివారం పాఠం వేళకు వాన పడదని ఆశిస్తున్నానని నేను రాశాను. మా గొడుగు ఇద్దరికి సరిపోయేంత పెద్దదైతే ఎంత బాగుండునని దాని కింద ఆమె రాసింది. దాని కింద పోస్టాఫీసు అన్న, చౌరస్తాలో మంచి పెద్ద గొడుగులు దొరుకుతాయని రాశాడు. సారు ముగ్గురికీ ఎర్రసిరాతో టిక్కు పెట్టి, అన్నకు మాత్రం ‘ఉపయోగకరం’ అని వేశారు.

ఏడాది పైగా అలా నడిచింది. గేటు దగ్గర మేము మాట్లాడుకున్నవన్నీ కలిపినా ఒక పోస్టుకార్డుకు చాలవు. చెప్పుకోవలసినవి పుస్తకం చెప్పుకునేది, ఐదుగురూ చదివేవారు, సారు దిద్దేవారు. అందులో వింత ఉందని అప్పుడు నాకు తోచలేదు. మనవాళ్లు కారని ఇంట్లో అంటారన్న భయం నాకుండేది, వాళ్లింట్లోనూ అదే మాట అంటారని ఆమెకు ఉండే ఉంటుంది. ఇంగ్లీషులో రాస్తే ఆ భయాలకు అర్థం కాదులే అనుకున్నానేమో.

ఒక ఆదివారం పాఠం చివర సారు, కాంపౌండరు గారి అమ్మాయికి హైదరాబాదులో నర్సు ట్రైనింగు సీటు వచ్చిందని, గురువారం పొద్దున రైలని చెప్పి అందరి చేతా చప్పట్లు కొట్టించారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. నా అదృష్టానికి మర్నాడు సోమవారం, వంతు నాది. చెప్పవలసినది చెప్పడానికి పేజీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను.

ఆ వారం మాటలు రిమెంబర్, రిమైండ్. సాయంత్రం దుకాణం నుంచి రాగానే డిక్షనరీ ముందు పెట్టుకుని చిత్తుకాగితం మీద మొదటిసారి రాసినప్పుడు వాక్యంలో నేను ఉన్నాను, ఆమె ఉంది. టీచరమ్మలు గుర్తొచ్చి రెండోసారి ఆమెను తీసేశాను. ఎర్రసిరా గుర్తొచ్చి మూడోసారి నన్ను తీసేశాను. నాలుగోసారికి, ‘కొందరు కొందరిని గుర్తుంచుకుంటారు’ అని తేలింది. వ్యాకరణం ప్రకారం నిర్దోషమైన వాక్యం. దాన్నే గుండ్రటి అక్షరాలతో పేజీలోకి ఎక్కించి, మంగళవారం వాళ్ల అమ్మగారి చేతికి ఇచ్చి దుకాణానికి పోయాను. బుధవారం కూడా పోయాను. గురువారం రైలు వేళకు నేను మిర్చి బస్తాల మధ్య కూర్చుని ఎవరికో ఉత్తరం రాస్తున్నాను. ఆమె జవాబు పుస్తకంలో ఉంటుంది, సోమవారం నా దగ్గరికి వస్తుంది, తొందరేముంది అనుకున్నాను.

సోమవారం పుస్తకం వచ్చింది. నా వాక్యం కింద ఆమెకని వదిలే రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. ఏడాదిలో ఆ పుస్తకం ఆ ఇంటి నుంచి ఖాళీగా రావడం అదే మొదలు. నా వాక్యం పక్కన సారు ఎర్రసిరాతో, ‘ఎవరు? ఎవరిని?’ అని రాశారు.

ఆ ఖాళీ గీతలే జవాబు అనుకున్నాను. బ్యాంకు పరీక్ష మూడోసారికి పాసయ్యాను, పెళ్లయింది, పిల్లలయ్యారు, ఇల్లాలితో నాకు ఏ లోటూ లేదు, గిన్నెల విషయంలో తప్ప. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఒక్క బొమ్మ నొక్కితే మనసులో మాట అవతలివాళ్లకు చేరిపోతుంది, వాళ్లు చూశారని కూడా తెలిసిపోతుంది. వంతు లేదు, వారం ఆగడం లేదు, దిద్దే సారు లేడు. అది చూసినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది. అయినా ఏ మంగళవారమైనా పక్కింట్లో ఎవరైనా తుమ్మితే ఒక్క క్షణం చేతిలో పని ఆగిపోతుంది.

మొన్న ఆదివారం ఇదంతా అక్కకు చెప్పాను. అక్క చేటలో చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండా, చివరి దాకా విన్నది. ఖాళీ గీతల సంగతి వచ్చేసరికి చేయి ఆపింది.

“గా బుధవారం మాపటీలి ఆ పిల్ల మనింటికి వచ్చింది గదా తమ్మీ. నువ్వు దుకాణంల ఉన్నవ్. గడప కాడ్నే నిలవడి, ‘అక్కా, నాకు చెప్పుమని ఏమన్న చెప్పిండా’ అని అడిగింది. నేను పుస్తకం సంగతేమో అనుకున్న. ఏం చెప్పలే బిడ్డా అన్న. నువ్వు చెప్పలేదాయె.”