అత్తగారు కలుపు తీసిన చేను

నేను బద్వేలులో డ్రాయింగ్ మాస్టారిని. ఒకసారి వ్యవసాయ ప్రదర్శన కోసం పలకంత వేరుశనగ చేను నమూనా చేశాను. కాగితపు ఆకులు ఒక్కొక్కటీ కత్తిరించి అతికించాను. సహజంగా ఉంటుందని సాళ్ల మధ్య పచ్చదారపు పోగులతో గడ్డి కూడా మొలిపించాను. గడ్డికే నాలుగు రోజులు పట్టింది.

ప్రదర్శన రోజు పొద్దున చూస్తే గడ్డిపోచ ఒక్కటీ లేదు. పీకినదంతా నమూనా చేను గట్టు మీదే చిన్న కుప్పగా ఉంది. కోసిగి నుంచి వచ్చిన మా అత్తగారు పక్కనే కూర్చున్నారు.

“ఏమప్పా, చేన్లో ఇంత గడ్డి పెట్టుకుంటే చూసినోళ్లు నవ్వరా? అంతా పీకేసినా” అన్నారు.

వంగి చూస్తే వేరుశనగ ఆకు ఒక్కటీ కదల్లేదు. అలాగే పట్టుకెళ్లాను.

అక్కడ ఒక రైతు చాలాసేపు చూసి, “కలుపు శానా బాగా తీసినారప్పా” అని వెళ్లిపోయాడు. నా ఆకుల గురించి ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.