అవ్వ చేసిన సింహం మొకం

పక్కింటి అవ్వ పోయిందని మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాను. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. బస్సు లింగంపేట దాటకముందే ఫోనులో సంతాపాలు మొదలయ్యాయి. మా అమ్మాయి చదివే బడి గ్రూపులో, ఒకప్పుడు పిల్లలకు వేషాలు చేసిన మనిషని అవ్వ ఫోటో పెట్టి, కింద మృదుభాషి, సహనమూర్తి అని రాశారు. అది చదివి నాకు ఒళ్లు మండింది.

అవ్వ మృదుభాషి కాదు. మా వాడకట్టులో ఆమె తిట్టని మనిషి లేడు. మోరీలో చెత్త వేసినవాళ్లను తిట్టేది, హారన్ కొట్టే ఆటోవాళ్లను తిట్టేది, బీడీలు చుట్టే తునికాకు తడిసిందని వానను కూడా తిట్టేది. సహనం అసలే లేదు. పదకొండేళ్లు పక్కింట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు. ఇప్పుడు ఆ బడివాళ్లే గోడపత్రిక కోసం ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని నన్ను అడిగారు. రాస్తున్నాను. అతికిస్తారో చించి పారేస్తారో వాళ్ల ఇష్టం.

అవ్వ నాకు చుట్టం కాదు. కానీ బడిలో పిల్లల వేషాల పోటీ వచ్చిందంటే వాడకట్టు పిల్లలంతా ఆమె వాకిట్లోనే ఉండేవాళ్లు. బడివాళ్లు మాస్కులు అనేవాటిని ఆమె మొకాలు అనేది. పాత పేపర్లు నానబెట్టి, నానిన మెంతులు కలిపి, రోట్లో వేసి మెత్తగా రుబ్బేది. మన ఆడవాళ్లు గంపలకు, చాటలకు పూసే గుజ్జే అది. ఆ ముద్దను బోర్లించిన కుండ మీద ఒత్తి ముక్కు లేపేది, చెంపలు లేపేది, దవడ దింపేది. నాలుగైదు రోజుల ఎండ పడ్డాక కుండ మీద నుంచి ఊడదీసి, బీడీలు కట్టే దారంతో పిల్లల కళ్ల దూరం కొలిచి అప్పుడు మొకానికి కళ్లు కోసేది. ఒకరి మొకం ఇంకొకరికి సరిపోయేది కాదు.

ఇంకా ఎన్ని రోజులని పిల్లలు అడిగితే గయ్యిమనేది. ఎండ కన్న మీకే తొందర ఎక్కువున్నదా అనేది. ఒకసారి నేను పక్కన కూర్చుని ఒక మొకాన్ని పైపైన నున్నగా రుద్దుతుంటే నా చెయ్యి లాగి పక్కకు నెట్టింది.

"లోపలి దిక్కు రుద్దు ముందుగాల. ఎవలు జూస్తరు అనకు. పోరి బుగ్గకు తెలుస్తది."

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు సింహం వేషం కావాలంది. అవ్వ పది రోజులు కూర్చుని సింహం మొకం చేసింది. బీడీలకు ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలను వరసలు వరసలుగా అతికించి జూలు పెట్టింది. అంత బాగున్న జూలు నేను బొమ్మల్లో కూడా చూడలేదు. పోటీకి రెండు రోజుల ముందు, ఆదివారం, దాన్ని తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టింది.

ఇప్పుడు చెప్పేది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆ మొకం దగ్గర బీడీల తంబాకు వాసన వచ్చింది. తంబాకు, మెంతులు, తడి కాగితం, మూడూ కలిసిన వాసన. నేను అప్పుడే కామారెడ్డిలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మిగతా తల్లులు ముక్కు మూసుకుంటారేమోనని నాకు నామోషీ అయింది. బకెట్‌లో సర్ఫు కలిపి, బ్రష్ తీసుకుని ఆ మొకాన్ని కడిగాను. కాగితాన్ని కడిగాను! తెలివి ఉన్న మనిషెవరైనా చేసే పనేనా? ముందు జూలు ఊడింది. తర్వాత ముక్కు కుంగింది. చూస్తుండగానే పది రోజుల పని నా చేతుల్లో గుజ్జయింది. మా అమ్మాయి గడపలో నిలబడి చూస్తూనే ఉంది, ఏడవనూ లేదు. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ కామారెడ్డిలో ప్లాస్టిక్ సింహాన్ని కొనుక్కొచ్చాను.

మంగళవారం అవ్వ ఉతికిన చీర కట్టుకుని బడికి వచ్చింది, తన సింహాన్ని చూసుకోవడానికి. ప్లాస్టిక్ ముఖం కట్టుకుని చెమటలు కారుతున్న పిల్లను చూసి, తను చేసిన మొకం ఏదని అడిగింది. నిజం చెప్పడానికి నోరుంటే సరిపోయేది. వాసన వస్తోందని మేడం వద్దన్నదని చెప్పాను.

ఆ మాట నా నోట్లో ఉండగానే అవ్వ కదిలింది. అందరి ముందు నుంచి నడుచుకుంటూ పోయి ప్రిన్సిపాల్ మేడం కుర్చీ ముందు నిలబడింది.

"నా చేతి మొకం ఏం పాపం జేసిందమ్మా? పోరలకు ప్లాస్టిక్ గట్టి ఎండల నిలవెడ్తరా?"

మేడంకు ఏమీ అర్థం కాలేదు. పాపం, ఆమె నిజంగానే ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరు చెప్పారని అడిగింది. అవ్వ తిరిగి నా వైపు చూసింది. నేను తల వంచుకుని ఫోను చూసుకున్నాను. అవ్వ నా పేరు చెప్పలేదు. గొంతు మాత్రం తగ్గించలేదు. చివరికి ఇద్దరు ఆయాలు ఆమెను రెండు చేతులూ పట్టుకుని గేటు బయట వదిలి వచ్చారు. మరుసటి ఏడు ఇంట్లో చేసిన మాస్కులు తేవద్దని బడి నోటీసు పెట్టింది. అవ్వ వాకిట్లో కుండలు బోర్లించడం ఆగిపోయింది. వాడకట్టు పిల్లలందరి మొకాలు నేనే కడిగేశాను.

ఆ తర్వాత ఏడేళ్లు అవ్వ నాతో ఎప్పటిలాగే ఉంది. పచ్చిపులుసు పంపేది. బస్సు తప్పిపోతే తిట్టేది. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా మాటే నమ్మిందనుకుని నేను హాయిగా తిన్నాను, పడుకున్నాను.

అవ్వ పోయిన మూడో రోజు ఆమె కోడలు అటక సర్దుతూ ఒక సంచి తెచ్చి, ఇది నీదేనని చెప్పి మా అమ్మాయికి ఇచ్చింది. లోపల ఇంకో సింహం మొకం ఉంది. అదే జూలు, అదే దవడ. మీద రెండు మూడు పూతల వార్నిష్ కొట్టి ఉంది.

దీనికి వార్నిష్ ఎందుకని నేను అన్నాను. మా అమ్మాయి ఆ మొకాన్ని నా చేతిలో పెట్టింది.

"నువ్వు కడిగినవని అవ్వకు నేనే చెప్పిన అమ్మా, పోటీ అయిన తెల్లారి. నాకు తెల్సని మీ అమ్మకు చెప్పకు బిడ్డా, సిగ్గుతోని సచ్చిపోతది అన్నది. ఈసారి కడిగినా ఏం గాకుండ జేస్త అన్నది. అది అయ్యేటాళ్లకు బడిల నోటీసు పెట్టిన్రు."

నా మీద నాకున్న కోపం సంగతి వదిలేయండి. నాకు అవ్వ మీద కోపంగా ఉంది. వానను తిట్టిన మనిషి, ప్రిన్సిపాల్‌ను తిట్టిన మనిషి, ఆ పనికి నన్ను ఒక్క మాట అనడానికి ఏమైంది? వీధిలో నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే అప్పుడే బడికి పోయి నిజం చెప్పేదాన్ని. ఆ నోటీసు ఊడేది. అంత నోరున్న మనిషి ఏడేళ్లు నాకోసం నోరు కట్టుకుంది. ఇది సహనం కాదు. దీన్ని ఏమనాలో నాకు తెలియదు, మేడం, కానీ మీరు ఫోటో కింద రాసింది మాత్రం చెరిపేయండి. ఆ రోజు ఆమె అడిగినదానికి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, నేను.

మొకాన్ని వాకిట్లోకి తీసుకుపోయి నల్లా కింద పట్టాను. నీళ్లు నుదుటి మీద పడి, ముక్కు పక్క నుంచి జారి, జూలు మీదుగా కిందికి కారాయి. రంగు పోలేదు. ఒక్క ఆకు ముక్క కదల్లేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. కింద ఉన్న బకెట్ నిండి, నీళ్లు పొర్లి, గోడ కింద నుంచి అవ్వ వాకిట్లోకి పోతూనే ఉన్నాయి. గోడ అవతల నుంచి ఎవరూ తిట్టలేదు.