గూడేలకు వెళ్లిన గిర్ని

మా చిన్నమ్మకు ఇల్లందులో పిండి గిర్ని ఉంది. చిన్నాయన పోయాక ఆమె ఒక్కతే నడుపుతోంది. నేను ఖమ్మంలో కాలేజీ పిల్లలకు వ్యాపార నిర్వహణ చెబుతాను కాబట్టి, గిర్ని సంగతి నాకే ఎక్కువ తెలుసనుకునేవాణ్ణి.

కిరాణా కొట్లలోకి పిండి ప్యాకెట్లు వచ్చాక గిరాకీ పడిపోయింది.

"మిషను అమ్మేసి షట్టర్ కిరాయికి ఇయ్యి చిన్నమ్మా," అన్నాను.

ఆ వారమే అడవి అంచు గూడెం నుంచి ఒక ముసలామె రెండు బస్సులు మారి, జొన్నల మూటతో వచ్చింది. అప్పుడే కరెంటు పోయింది. చిన్నమ్మ ఆమెకు అన్నం పెట్టి, "మీ దిక్కు గిర్ని లేదా అవ్వా?" అని అడిగింది.

"ఏడిది బిడ్డా! పిండి పట్టియ్యాలంటే ఒకరోజు కూలి పోతది. అందుకే శానామంది రొట్టెలు చేసుడే బంద్ పెట్టిన్రు."

నెల తర్వాత చిన్నమ్మ ఫోన్ చేసింది. "ఒకపారి వచ్చిపోరా. నీకొకటి చూపియ్యాలె."

వెళ్లి చూస్తే పాత ట్రాలీ ఆటో. దాని మీద చిన్న డీజిల్ ఇంజను, పక్కనే గిర్ని, రెండూ బోల్టులతో బిగించి ఉన్నాయి. ఇంజను కింద పాత టైరు ముక్కలు పరిచింది.

"ఇవెందుకు?"

"అదురుతుంటే బెల్టు ఊడుతుండె. ఇవి పెట్టినంక ఊడుతలే."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తరు? నాలుగుసార్లు ఊడినంక నాకే తెలిసింది."

ఆ రోజు ఆమెతో గూడేనికి వెళ్లాను. మేం చేరేసరికే ఆడవాళ్లు గిన్నెలు, సంచులు వరుసగా పెట్టుకుని కూర్చున్నారు. చిన్నమ్మ ఒక్కొక్కరినీ అడుగుతోంది: "గట్కకా, రొట్టెకా?" గట్కకైతే, అంటే జొన్న సంకటికైతే, బరకగా, రొట్టెకైతే మెత్తగా రాళ్లు సర్దుతోంది. ఏ ప్యాకెట్టూ ఎవరినీ అలా అడగదు. ఒకామె ఎండు మిరపకాయలు తెస్తే ఆపింది.

"మిర్చి ఆఖర్ల పడ్త. ముందే పడితే అందరి రొట్టెలు మండుతయ్."

అందరూ నవ్వారు. వెచ్చటి పిండిని ఒక తల్లి గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసుకుంది. ఏడో తరగతి దాటని మా చిన్నమ్మ, నేను ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న 'గిరాకీ ఉన్న చోటికే వెళ్లాలి' అన్న మాటను చక్రాల మీదికి ఎక్కించింది.

ఇప్పుడు ఒక్కో గూడేనికి ఒక్కో రోజు. ఇల్లందులో షట్టర్ ఆదివారమే తెరుస్తుంది. ఈ ఏడు మిర్చికి వేరే మిషను కూడా కొన్నది. మొన్న ఫోన్ చేస్తే మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, "ఇంజను మోతల ఇనవడలేరా. జల్దీ చెప్పు, లైను పెద్దగున్నది," అంది.